ఉప్పుగాలి తీరంలో పాత ఉక్కు సిలిండర్లు

బారువ రేవుకు ఓడలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా అక్కడి నీళ్ళ అడుగున ఒక ఓడ ఇంకా ఉంది. 1917లో మునిగిన ‘చిల్కా’ శిథిలాలను చూడడానికి విశాఖపట్నం నుంచి స్కూబా డైవర్లు వచ్చి దిగారు. ఆ వార్త విన్న తీరప్రాంతపు కుర్రకారుకు మనమూ ఈ విద్య నేర్చుకుంటే బాగుండుననిపించడంలో వింత లేదు. రుషికొండ దాకా వెళ్తే నేర్పేవాళ్ళున్నారు. పైగా ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి తీరాల్లో డైవింగ్‌తో సరదాయే కాకుండా అవసరమూ ఉంది. మరపడవ పంకాకు వల చుట్టుకుంటుంది, లంగరు రాళ్ళలో ఇరుక్కుంటుంది, తెగిపోయిన వలలు అడుగున చేపల్ని, తాబేళ్ళను చంపుతూనే ఉంటాయి.

నేర్చుకున్నాక సొంత సామాను మీదికి మనసు పోతుంది. కళ్ళద్దం, కాళ్ళ తెడ్లు, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు ఒక్కొక్కటీ సమకూర్చుకుంటారు. సిలిండరు దగ్గరికి వచ్చేసరికి ధర చూసి ఆగుతారు. అప్పుడే ఎవరో ఒకరు చెబుతారు: ‘పాతది దొరుకుతుంది, ఉక్కుది, జీవితాంతం ఉంటుంది’ అని. ఆ మాటలో నిజం ఉంది, దాని వెనకే ప్రమాదమూ ఉంది. పాత ఉక్కు సిలిండరు ఎప్పుడు మంచి బేరం, ఎప్పుడు కాదు, పలాస, టెక్కలి చుట్టుపక్కల ఉండేవారికి ఈ ప్రశ్న విశాఖ వారికంటే ఎందుకు వేరుగా ఉంటుంది అన్న వాటిని ఒక్కచోట పరిశీలించడం ఈ వ్యాసం పని.

కొనేది దేన్ని?

కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కొంచెం పైన ఉంటుంది. స్కూబా సిలిండరులో 200 బార్లు, కొన్నింటిలో 232, ఇంకొన్నింటిలో 300. నీటి కొలతలో 12 లీటర్లు పట్టే సిలిండరును 200 బార్లకు నింపితే అందులో బయటి లెక్కన 2,400 లీటర్ల గాలి ఉంటుంది. దాని బరువే మూడు కిలోల దాకా తూగుతుంది. నిండు సిలిండరు ఒక్కసారిగా పగిలితే విడుదలయ్యే శక్తి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే చిన్న కారుకు ఉండేంత. కాబట్టి ఇది నీటి డ్రమ్ములా కంటితో చూసి, చేత్తో తట్టి కొనే వస్తువు కాదు.

ఆ గాలి ఎంతసేపు వస్తుందో లెక్క వేసుకోవడం తేలిక. ప్రశాంతంగా ఈదేవారు ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుందాం. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు కనుక 40 లీటర్లు, ఇరవై మీటర్ల దగ్గర 60 లీటర్లు ఖర్చవుతాయి. అత్యవసరానికి 50 బార్లు మిగిల్చుకుంటే వాడుకోవడానికి 1,800 లీటర్లు. అంటే పది మీటర్ల దగ్గర 45 నిమిషాలు, ఇరవై మీటర్ల దగ్గర అరగంట. పాత సిలిండరు కొనేవారు దాని సైజు కంటే ముందు, ఇప్పుడు దాన్ని ఎంత ఒత్తిడికి నింపనిస్తారో అడగాలి. 232 బార్ల సిలిండరైనా నింపే చోట 200కే ఆపేస్తే చేతికొచ్చేది 200 బార్ల గాలే.

ఉక్కా, అల్యూమినియమా?

స్కూబా సిలిండర్లు ముఖ్యంగా ఈ రెండు లోహాలతోనే చేస్తారు. ఉక్కుది క్రోమియం, మాలిబ్డినం కలిసిన మిశ్రలోహం. బలం ఎక్కువ కాబట్టి గోడ మందం నాలుగైదు మిల్లీమీటర్లు చాలు. అల్యూమినియం సిలిండరుకు అదే ఒత్తిడి తట్టుకోవడానికి పది మిల్లీమీటర్లకు పైగా కావాలి. అందువల్ల ఉక్కు సిలిండరు చిన్నదిగా ఉంటూనే ఎక్కువ గాలి పట్టగలదు.

అసలు తేడా నీటిలో తెలుస్తుంది. అందరికీ తెలిసిన 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండరు ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది, చివరికి దాదాపు రెండు కిలోల మేర పైకి లాగుతుంది. డైవర్ నడుముకు అదనంగా సీసం కట్టుకోవాలి. 12 లీటర్ల ఉక్కుదైతే ఖాళీగా ఉన్నా కిలో మేర కిందికే లాగుతుంది. అంటే రెండు మూడు కిలోల సీసం తప్పుతుంది. చల్లటి సముద్రాల్లో మందపాటి సూటు వేసుకునే ఐరోపా డైవర్లు ఉక్కును ఇష్టపడేది ఇందుకే. మందపాటి సూటు తేలుతుంది, దాన్ని అణచడానికి బరువు కావాలి.

మన బంగాళాఖాతంలో ఈ లెక్క మారుతుంది. ఇక్కడి నీళ్ళు వెచ్చన. పలుచటి సూటుతోనో, చొక్కా నిక్కరుతోనో దిగేవారికి తేలే గుణమే తక్కువ. అలాంటివారు నిండు ఉక్కు సిలిండరు వీపున వేసుకుంటే సీసం లేకుండానే బరువెక్కువ అవుతారు. తేలడానికి వేసుకునే గాలిచొక్కా చిరిగినా, దాని గొట్టం ఊడినా సొంత కాళ్ళ బలంతో పైకి రాగలగాలి. వెచ్చటి నీళ్ళలో ఉక్కు సిలిండరు ఎంచుకునేవారు ముందుగా లోతులేని చోట, అనుభవజ్ఞుడి పక్కన, సీసం లేకుండా తేలగలరో లేదో పరీక్షించుకోవాలి. ఉష్ణమండల ప్రాంతాల్లోని డైవింగ్ కేంద్రాలు ఎక్కువగా అల్యూమినియం వాడటానికి ఇదీ ఒక కారణం, తుప్పు పట్టకపోవడం ఇంకో కారణం.

అల్యూమినియానికీ ఒక మచ్చ ఉంది. 1980ల చివరి దాకా కొందరు తయారీదారులు వాడిన 6351 అనే మిశ్రలోహంతో చేసిన సిలిండర్లలో మెడ దగ్గర సన్నటి పగుళ్ళు వచ్చి కొన్ని పేలాయి. తర్వాత 6061కు మారారు. అంత పాత అల్యూమినియం ఎంత చవగ్గా వచ్చినా వద్దనడమే మేలు. వయసుతోనే భయపడాల్సినంత లోపం మంచి ఉక్కులో లేదు. 1950, 60ల నాటి అమెరికన్ ఉక్కు సిలిండర్లు ఇప్పటికీ పరీక్షలు నెగ్గి వాడుకలో ఉన్నాయి. ఉక్కుకు వయసు శత్రువు కాదు, తుప్పు శత్రువు.

పాత సరుకు వచ్చే దారులు

మొదటి దారి డైవింగ్ కేంద్రాలు. సామాను మార్చుకునేటప్పుడు పాతవి అమ్ముతాయి. ఇది అన్నిటికంటే నమ్మదగిన దారి. కేంద్రం దగ్గర నింపిన లెక్క, పరీక్షించిన కాగితాలు ఉంటాయి. రెండోది నౌకాదళం, ఓడరేవులు, నీటిలోపలి పనులు చేసే కాంట్రాక్టర్లు అమ్మేసే సామాను. మూలపేటలో పోర్టు కడుతున్నారు కనుక అలాంటి సరుకు ఇటువైపు కూడా రావచ్చు. కానీ వేలంలో పెట్టినదాంట్లో పనికిరాదని తీసేసిన సిలిండర్లే ఎక్కువ ఉండే వీలుంది. ఎందుకు తీసేశారన్న కాగితం లేకపోతే అది తుక్కు కిందే లెక్క.

మూడోది విదేశాల నుంచి తెచ్చినవి. గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చేవారి ద్వారా కొనుక్కోవచ్చనుకునేవారు ఉంటారు. దీని సంగతి చట్టం దగ్గర చూద్దాం. నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరమైనది: వేరే గ్యాసు సిలిండరుకు స్కూబా వాల్వు బిగించి అమ్మడం. పది లీటర్ల చిన్న ఆక్సిజన్ సిలిండరు చూడడానికి స్కూబా సిలిండరు లాగే ఉంటుంది. కరోనా రెండో అలలో, 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ దొరక్క ఇతర గ్యాసుల సిలిండర్లను శుభ్రం చేసి ఆక్సిజన్‌కు మార్చుకునేందుకు ప్రభుత్వం అనుమతించింది. అది ప్రాణాలు నిలిపే అత్యవసర నిర్ణయం, నిపుణుల చేతుల్లో జరిగిన పని. దాన్ని చూసి ఏ సిలిండరైనా దేనికైనా మార్చుకోవచ్చనుకోవడం పెద్ద పొరపాటు. మంటలార్పే సిలిండరు, సీఎన్‌జీ కారులోని సిలిండరు, గ్యాస్ కటింగ్ సిలిండరు, వీటిలో దేన్నీ శ్వాసకు వాడకూడదు. లోపల ఏ రసాయనం మిగిలిందో కంటికి కనిపించదు. తిరిగి ఆ సిలిండరు ఆక్సిజన్ షాపుకు చేరితే, స్కూబా కంప్రెసర్ నూనె తుంపరలు ఆక్సిజన్‌తో కలిసి మంట పుట్టించగలవు.

చట్టం ఏమంటుంది?

ఒత్తిడితో నింపిన గ్యాసు సిలిండర్లన్నిటికీ మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద చేసిన గ్యాస్ సిలిండర్ల నియమాలు 2016 వర్తిస్తాయి. వీటిని అమలు చేసేది నాగపూర్ ప్రధాన కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. పరిశ్రమ వర్గాల్లో దాన్ని పెసో అంటారు.

కొనేవారికి ఇందులో నాలుగు విషయాలు ముఖ్యం. మొదటిది, పెసో ఆమోదించిన ప్రమాణంతో తయారైన సిలిండరునే నింపాలి. విదేశంలో ఎంత పేరున్న కంపెనీదైనా ఇక్కడి ఆమోదం లేకపోతే ఇక్కడ నింపడం చట్టవిరుద్ధం. కాబట్టి సూట్‌కేసులో తెచ్చిన అమెరికా సిలిండరు ఎంత చవగ్గా దొరికినా, ఆమోదం కాగితం లేకపోతే దండగే. రెండోది, నింపే కేంద్రానికి లైసెన్సు ఉండాలి. మూడోది, నిర్ణీత కాలంలో పరీక్ష జరగని సిలిండరును నింపకూడదు. నాలుగోది, పరీక్షలో తప్పిన సిలిండరును మళ్ళీ వాడడానికి వీల్లేకుండా నలగ్గొట్టో కోసో ధ్వంసం చేయాలి. పరీక్షలో తప్పిన సిలిండరు మళ్ళీ బజారులోకి వచ్చిందంటే అది నేరుగా ఈ నిబంధనను కాదని వచ్చిందన్నమాట.

కొద్ది సిలిండర్లు ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అడగరు. కానీ నింపిన సిలిండరును సైకిలు మీద గానీ, మోటారు సైకిలు మీద గానీ తీసుకెళ్ళడం ఈ నియమాల ప్రకారం నిషిద్ధం. రైల్లో ప్రయాణికుల సామానుగా గ్యాసు సిలిండరు తీసుకెళ్ళడమూ నిషిద్ధమే, రోగికి కావాల్సిన ఆక్సిజన్‌కు మాత్రం మినహాయింపు. పలాస స్టేషన్లో ఎక్కి విశాఖలో దిగి గాలి నింపించుకుని సాయంత్రం బండికి తిరిగొద్దామనే ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.

భుజం మీది అక్షరాలు

మన వంటింటి గ్యాస్ బండ మీద ‘బి-27’ లాంటి గుర్తు చూస్తుంటాం. 2027 రెండో త్రైమాసికంలోగా పరీక్షకు పంపాలని దాని అర్థం. స్కూబా సిలిండరుకు కూడా ఇలాంటి లెక్క ఉంటుంది. ఆ వివరాలన్నీ మెడ కింద వంపు తిరిగే చోట, భుజం మీద చెక్కి ఉంటాయి. నిలువు గోడ మీద చెక్కకూడదు, పలుచటి గోడ అక్కడ బలహీనపడుతుంది.

భుజం మీద చదవాల్సినవి ఇవి: తయారీదారు గుర్తు, వరుస సంఖ్య, తయారీ ప్రమాణం, పనిచేసే ఒత్తిడి, పరీక్ష ఒత్తిడి, నీటి సామర్థ్యం, ఖాళీ బరువు, తయారైన తేదీ, తర్వాత జరిగిన ప్రతి పరీక్ష తేదీ, పరీక్షించిన కేంద్రం గుర్తు. మన దేశంలో అతుకు లేని ఉక్కు సిలిండర్లకు ఐఎస్ 7285 ప్రమాణం ఉంది. చాలా అమెరికా ఉక్కు సిలిండర్ల మీద ‘డీఓటీ 3ఏఏ’ అని ఉంటుంది, ఒత్తిడి చదరపు అంగుళానికి పౌండ్లలో రాస్తారు. 14.5 పౌండ్లకు ఒక బారు. 2,400 అంటే 165 బార్లు, 3,442 అంటే 237 బార్లు. పరీక్ష తేదీ పక్కన కూడిక గుర్తు ఉంటే పది శాతం ఎక్కువ నింపవచ్చని అర్థం. తర్వాతి పరీక్షలో ఆ గుర్తు మళ్ళీ వేయకపోతే ఆ హక్కు పోయినట్టే.

అక్షరాల మీద ఆకురాయి గీతలు, గ్రైండరు మెరుపు కనిపిస్తే, ఒక వరుస సంఖ్య మీద మరొకటి కొట్టినట్టు తోస్తే బేరం అక్కడితో ముగించాలి. దానికి వివరణ అడగాల్సిన పని లేదు. కొత్తగా మందపాటి రంగు వేసిన సిలిండరును కూడా అనుమానంతోనే చూడాలి. రంగు తుప్పునూ దాస్తుంది, మంటలో కాలిన గుర్తునూ దాస్తుంది. మంట తగిలిన ఉక్కు బలం కోల్పోతుంది.

బయట, లోపల

ఉక్కు సిలిండరు అడుగు సాధారణంగా గుండ్రంగా ఉంటుంది, నిలబడడానికి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. ఆ తొడుగులో ఉప్పునీరు నిలుస్తుంది. పై నుంచి చూస్తే నిగనిగలాడే సిలిండరు అడుగున తొడుగు తీయగానే ఎర్రగా పొరలు లేచి కనిపించవచ్చు. కాబట్టి అమ్మేవారి ఎదుటే తొడుగు తీయించి చూడాలి, కుదరదంటే కొనకూడదు. జింకు పూత వేసిన సిలిండరు మిగతావాటికంటే మేలు. పూత లేచిపోయి గుంతలు పడిన చోటు గోరుకు తగులుతుంటే నిపుణుడి కొలత లేకుండా ముందుకు పోకూడదు.

లోపలి భాగం ఇంకా ముఖ్యం. నీటిలో ఉండగా సిలిండరును పూర్తిగా ఖాళీ చేసేస్తే వాల్వు గుండా ఉప్పునీరు లోపలికి పోతుంది. కంప్రెసరు తేమను తీసేయకపోతే ప్రతి నింపులోనూ కొంత నీరు చేరుతుంది. ఆ నీరు ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్‌తో కలిసి ఉక్కును తినేస్తుంది. లోపల పలుచటి ఎర్రదుమ్ములాంటి తుప్పు ఉంటే శుభ్రం చేయించి వాడుకోవచ్చు. గుంతలు పడిన తుప్పు, ఒకే గీతలో సాగిన తుప్పు, అడుగున నీటి మట్టం వలయంలా కనిపించే తుప్పు ఉంటే వదిలేయాలి. 1960, 70ల్లో కొన్ని సిలిండర్ల లోపల ప్లాస్టిక్ పూత వేశారు. ఆ పూత కింద తేమ చిక్కుకుని కనిపించకుండా తుప్పు సాగింది. అలాంటివి కొనకూడదు.

తుప్పు గోడను పలుచన చేయడమే కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. ఎక్కువ కాలం మూలన పడున్న సిలిండరు గాలిలో ఆక్సిజన్ తగ్గిపోయి ఉండవచ్చు. ఒడ్డున పీల్చినప్పుడు తేడా తెలియదు, నీటిలో స్పృహ తప్పవచ్చు. అందుకే ఎంతో కాలం వాడని పాత సిలిండరులో ఉన్న గాలిని ఎప్పుడూ పీల్చకూడదు. ఖాళీ చేసి, లోపల చూసి, మళ్ళీ నింపించాలి. 1970ల్లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయం ఉక్కు, అల్యూమినియం సిలిండర్ల తుప్పు మీద చేసిన అధ్యయనం తర్వాత ఏటా లోపల చూసే పద్ధతికి బలం చేకూరింది.

త్రాసు కూడా మంచి పరీక్షకుడు. సిలిండరు మీద ఖాళీ బరువు 14 కిలోలు అని ఉందనుకుందాం. మన నియమాల ప్రకారం ఖాళీ బరువులో ఐదు శాతానికి మించి తగ్గితే సిలిండరును తీసేయాలి. ఐదు శాతమంటే 700 గ్రాములు. ఖాళీ చేసి తూస్తే 13.3 కిలోలకంటే తక్కువ వస్తే ఆ తగ్గిన ఉక్కు తుప్పై రాలిపోయిందన్నమాట. తూచే ముందు చెక్కిన బరువు వాల్వుతో కలిపా, విడిగానా అన్నది తెలుసుకోవాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

వాల్వు, దాని థ్రెడ్

పాత సిలిండరు బాగున్నా దాని వాల్వు ప్రాణం తీయగలదు. సిలిండరు మెడలో వాల్వు బిగించే థ్రెడ్ రకరకాలుగా ఉంటుంది. అమెరికన్లది ముప్పావు అంగుళం, ఐరోపావారిది ఎం25. ఈ రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. ఎం25 వాల్వు ముప్పావు అంగుళం మెడలో కొన్ని చుట్లు తిరిగి బిగిసినట్టే ఉంటుంది. నింపుతున్నప్పుడు ఒత్తిడి పెరిగేసరికి ఆ వాల్వు తూటాలా ఎగిరిపోతుంది. విదేశాల్లో ఈ పొరపాటు వల్ల మనుషులు పోయారు. అందుకే వాల్వు మీద, సిలిండరు మెడ మీద ఉన్న థ్రెడ్ గుర్తులు రెండూ ఒకటేనా అని చదివి చూసుకోవాలి. వాల్వును మరో సిలిండరు నుంచి ఊడదీసి పెట్టారని తెలిస్తే ఇంకా జాగ్రత్త.

వాల్వు రెండు రకాలు: రెగ్యులేటరును బిగించే పద్ధతిని బట్టి యోక్ (చట్రంతో పట్టి బిగించేది), డిన్ (మర తిప్పి బిగించేది). 232 బార్లకు మించితే డిన్ కావాలి. మన రెగ్యులేటరు ఏ రకమో చూసుకునే సిలిండరు ఎంచుకోవాలి. వాల్వు తెరిచి చెవి దగ్గర కాకుండా పక్కకు పెట్టి గాలి వాసన చూడాలి. నూనె వాసన, కంపు, తడి దుమ్ము ఉంటే నింపిన కంప్రెసరు మంచిది కాదని తెలుస్తుంది. శ్వాస గాలికి ఐరోపా ప్రమాణంలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల్లో ఐదు పాళ్ళు, నూనె ఘనమీటరుకు అర మిల్లీగ్రాము మించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, లోతుకు పోయేకొద్దీ దాని దెబ్బ పెరుగుతుంది. అందుకని ముక్కు ఒక్కటే చాలదు, నింపే కేంద్రం గాలి పరీక్ష కాగితం అడగాలి.

నీటి ఒత్తిడి పరీక్ష

అన్నిటికంటే పెద్ద సాక్షి హైడ్రో టెస్టు. సిలిండరును నీటితో నింపి, నీటి తొట్టిలో ఉంచి, ఒత్తిడిని పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకో, అంతకంటే కొంచెం ఎక్కువకో ఎక్కిస్తారు. మన ప్రమాణంలో, అమెరికా 3ఏఏ ప్రమాణంలో అది మూడింట ఐదు వంతులు. సిలిండరు ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీశాక ఎంత తిరిగి సర్దుకుందో కొలుస్తారు. మొత్తం ఉబ్బులో పది శాతానికి మించి శాశ్వతంగా ఉండిపోతే ఉక్కు సాగిపోయిందని లెక్క, సిలిండరు తప్పినట్టు. గాలితో కాకుండా నీటితో చేయడానికి కారణం, నీరు దాదాపు కుదించుకోదు కనుక సిలిండరు పగిలినా పేలుడు ఉండదు.

గాలి, ఆక్సిజన్ లాంటి గ్యాసుల ఉక్కు సిలిండర్లకు ఈ పరీక్ష సాధారణంగా ఐదేళ్ళకోసారి. మధ్యలో లోపలి తనిఖీ ఏటా చేయించడం మంచి అలవాటు. ఐరోపాలో కొన్ని దేశాల్లో రెండున్నరేళ్ళకోసారి లోపల చూస్తారు. పరీక్ష చేసే కేంద్రాలకు పెసో గుర్తింపు ఉండాలి. మనసుకు పట్టాల్సిన విషయం: పరీక్ష గడువు దాటిన సిలిండరు ధర తక్కువగా ఉంటుంది, కానీ ఆ పరీక్షలో తప్పితే ఇచ్చిన డబ్బంతా పోతుంది. కాబట్టి బేరం ఇలా చెప్పాలి: ‘అన్నా, గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష చేయిద్దాం. నెగ్గితే ఖర్చు నాది, చెప్పిన ధర ఇస్తాను. తప్పితే కొనను’. సిలిండరు మీద నమ్మకం ఉన్న అమ్మకందారు దీనికి కాదనడు.

మన తీరం లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కడైనా వర్తిస్తుంది. ఉద్దానం ప్రాంతమున్న మన తీరంలో మూడు విషయాలు అదనం.

మొదటిది ఉప్పుగాలి. నౌపడలో ఉప్పు పండే నేల ఇది. కొబ్బరి, జీడితోటల మధ్య ఊళ్ళలో కిటికీ ఊచలు, మోటారు పైపులు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. 2013లో ఫైలిన్, 2018లో తితలీ వచ్చినప్పటిలా ఇళ్ళలోకి వాన, ఉప్పుతుంపర దూరితే నిల్వ ఉన్న సామాను అంతా తడుస్తుంది. ఇలాంటి చోట ఉక్కు సిలిండరుకు రోజువారీ సేవ కావాలి. దిగి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడగడం, అడుగు తొడుగు తీసి ఆరబెట్టడం, కొంత ఒత్తిడి మిగిల్చి వాల్వు మూసి ఉంచడం, నేల తగలకుండా నిలబెట్టడం. ఇవి చేయలేనివారికి అల్యూమినియమే సరైనది.

రెండోది నింపే చోటు. స్కూబా గాలి నింపే కంప్రెసరు టైర్ల షాపు యంత్రం కాదు. అధిక ఒత్తిడి, నూనె, తేమ తీసేసే వడపోత, లైసెన్సు ఉండాలి. పలాసలోనో టెక్కలిలోనో సొంత సిలిండరు పెట్టుకున్నవారు దాన్ని నింపించడానికి విశాఖ వైపే చూడాలి. రైలు వద్దు, బైకు వద్దు కనుక కారులో పోవాలి. ప్రతి నింపుకూ రాను పోను ఇంధనం, ఒక రోజు పోతాయి. ఇంత చేసి వెళ్ళాక, కేంద్రంవారు ఈ సిలిండరును మేం నింపం అంటే అడిగేవాడు ఉండడు. నింపేవారికి తమ ప్రాణం, తమ లైసెన్సు ముఖ్యం, అది సబబే.

మూడోది పని. పంకా నుంచి వల తీయడం, పోర్టు గోడల కింద మరమ్మతు లాంటివి పని కోసం చేసే డైవింగ్. వాటికి పై నుంచి గొట్టం ద్వారా గాలి పంపే పద్ధతి, పైన మరో మనిషి, మాటలు వినిపించే తీగ ఉండాలి. పాత స్కూబా సిలిండరు ఒకటి కొనుక్కుని కూలికి ఇలాంటి పనులకు దిగడం ప్రాణాలతో చెలగాటం. కిడ్నీ జబ్బు ఇంటింటినీ వేధిస్తున్న ఉద్దానంలో, సరదాకు దిగేవారైనా సరే ముందు వైద్య పరీక్ష చేయించుకోవడం ఇంకా అవసరం.

చివరి లెక్క, తీర్పు

ఏడాదికి నాలుగైదుసార్లు దిగేవారికి సొంత సిలిండరే అక్కర్లేదు. డైవింగ్ కేంద్రం ఇచ్చే నిండు సిలిండరుతోనే దిగొచ్చు, నింపే ఖర్చు, పరీక్ష ఖర్చు, తుప్పు బాధ వారిదే. ఆ డబ్బు సొంత రెగ్యులేటరుకో, గాలిచొక్కాకో, మరో శిక్షణకో పెట్టుకోవడం మేలు. శరీరానికి తగ్గట్టు ఉండాల్సినవి అవే, సిలిండరు కాదు.

తరచు దిగేవారు, శిక్షకులు, తీరంలో నలుగురు కలిసి ఒక బృందంగా ఏర్పడేవారు పాత ఉక్కు సిలిండరు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు వరుస ఇలా ఉండాలి. ముందు నింపే కేంద్రానికి ఫోను చేసి, ఈ ప్రమాణం, ఈ తయారీదారు, ఈ తేదీ గల సిలిండరును నింపుతారా అని అడగాలి. తర్వాత పెసో ఆమోదం, పరీక్ష కాగితం చూడాలి. తర్వాత భుజం మీది అక్షరాలు, అడుగు, లోపల, బరువు, వాల్వు థ్రెడ్. చివరికి ధర. చాలామంది ధరతో మొదలుపెట్టి నింపే కేంద్రం దగ్గర ముగిస్తారు, డబ్బు పోయేది అందుకే.

బారువలోనో భావనపాడులోనో మత్స్యకార యువకులు, పర్యాటక శాఖ, జిల్లా యంత్రాంగం కలిసి లైసెన్సున్న ఒక కంప్రెసరు కేంద్రాన్ని ఏర్పాటు చేస్తే ఈ లెక్క మొత్తం మారుతుంది. పోగైన తెగిన వలలను తీయడానికి, చిల్కా లాంటి శిథిలాలను కాపాడుకోవడానికి, కొందరికి ఉపాధి కల్పించడానికి అది ఉపయోగపడుతుంది. అలాంటి కేంద్రం కోసం అడగడం ఒక్కొక్కరూ ఒక్కో పాత సిలిండరు కొనడం కంటే ఈ తీరానికి ఎక్కువ మేలు చేస్తుంది. అది వచ్చేదాకా పలాస, టెక్కలి ప్రాంతపు డైవర్లకు నా సలహా ఒకటే: సిలిండరు అద్దెకు తీసుకోండి. కొనక తప్పదనుకుంటే, నింపేవారు సరేనన్న తర్వాతే డబ్బు చేతికివ్వండి.